తోట ప్రియులకు క్రిస్మస్ కానుక

(ఆగమనకాలపు కుటుంబ కూడికలో చేసిన ప్రసంగ పాఠము)



శతవార్షికోత్సవ సంవత్సరములో మాటలాడుటకు మాకు ఇచ్చిన అంశము విని కొందరు లోలోపల నవ్వుకొని ఉంటారు. నూరేండ్ల చరిత్ర ఉన్నది. బడులు, ఆసుపత్రులు, సువార్త యాత్రలు ఉన్నాయి. వాటిని విడిచి, మొక్కలు పెంచేవారికి క్రిస్మస్‌కు ఏమి ఇస్తే సంతోషిస్తారన్న మాట ఎందుకు? ఈ అంశము కోరినవారు స్త్రీల మైత్రివారు. వారికి తగిన కారణమే ఉన్నది. ఉత్సవముల పేరిట మన ఆవరణలలో నాటిన మొక్కలలో ఎన్ని బ్రదికి ఉన్నవో, ఎన్నింటికి కంచె మాత్రమే మిగిలినదో, బిందెతో నీళ్ళు మోసిన వారికే తెలుసు. కనుక ఇది చిన్న అంశమేమీ కాదు. ఇచ్చిన కానుక నాలుగు నెలలలో చావకుండా ఉండవలెనంటే ఏమి ఇవ్వాలి, ఎట్లు ఇవ్వాలి అన్నదే ఇందులో ఉన్న ప్రశ్న.

తోట ప్రియులు ప్రతి సంఘములోను నలుగురైదుగురు ఉంటారు. గృహదర్శనమునకు వెళ్ళితే, ప్రార్థనలో ఆమెన్ అనగానే కాఫీకన్న ముందు పెరటిలోనికి తీసికొనిపోతారు. వారే ఇంకొకరి ఇంటికి వచ్చినప్పుడు మాట మనతోను, చూపు గోడవార గులాబీ మీదను ఉంటుంది. ఇటువంటివారికి పండుగనాడు బంధువులు ఏమి తెస్తారు? చీర, టిఫిను క్యారియరు, గోడ గడియారము. అన్నిటికన్న విడ్డూరము, ప్లాస్టిక్ పూలగుత్తి. మొక్కలంటే ప్రాణమిచ్చే మనిషికి ప్లాస్టిక్ పూలు ఇవ్వడము పాటగానికి బొమ్మ హార్మోనియము ఇచ్చినట్టే. పాపము, వారు మర్యాదకు ముందు గదిలో పెట్టుకొని, వారానికొకసారి దుమ్ము దులుపుతారు.

మొదటి క్రిస్మస్ కానుకలనే చూడండి. మత్తయి సువార్త రెండవ అధ్యాయములో తూర్పు దేశపు జ్ఞానులు తెచ్చినవి బంగారము, సాంబ్రాణి, బోళము. బంగారము గనిది. తక్కిన రెండును చెట్టువి. ఈ సంగతి మన పిల్లల నాటికలలో ఎవరును చెప్పరు, మూడింటికీ మూడు రంగు కాగితపు పెట్టెలు చేసి ఊరుకుంటారు. సాంబ్రాణి గాని బోళము గాని చెట్టు బెరడుకు గాటు పెడితే కారే బంక. అది గాలికి గట్టిపడి బొట్లు బొట్లుగా నిలిచిన తరువాత గీకి తీస్తారు. దక్షిణ అరేబియాలోను, సముద్రమునకు ఆవల సోమాలియా వైపునను, వాన అరుదైన రాతి నేలలలో ఆ చెట్లు పెరుగుతాయి. మన మెట్ట అడవులలోని అందుగు చెట్టు ఆ సాంబ్రాణి చెట్టుకు దాయాదే. గాటు లోతుగా పడినా, మాటిమాటికి పడినా చెట్టు క్షీణిస్తుంది. కనుక ఆ పనికి ఒడుపు తెలిసిన చేయి కావాలి, ఆగగల ఓపిక కావాలి. జ్ఞానుల పేర్లనే వాక్యము చెప్పలేదు. ఇక ఎండలో నిలువబడి బంక గీకిన కూలివాని పేరు ఎవరికి తెలుస్తుంది? అయినను అతని చేతి పని బేత్లెహేము ఇంటిలోనికి వెళ్ళినది.

తోటవానికి ఇచ్చిన కానుక ఎట్లుండాలో చెప్పడానికి మాకు ఎప్పుడును గుర్తుకు వచ్చేది విలియం కేరీగారి సంగతి. ఇంగ్లాండులో చెప్పులు కుట్టే పని నేర్చి, 1793లో బెంగాలుకు వచ్చిన ఆయనను మనము బైబిలు అనువాదకునిగానే ఎరుగుదుము. 1814లో ఆయన తెలుగు వ్యాకరణము అచ్చయినది. 1818లో శ్రీరాంపూరు ముద్రాలయమునుండి తెలుగు క్రొత్త నిబంధన వెలువడినది. ఆ మేరకు ఆయనకు మనము బాకీ ఉన్నాము. అయితే ఆయన రోజు ఎక్కడ మొదలయ్యేదంటే, తోటలో. శ్రీరాంపూరులో పెంచిన ఆ తోటకు పేరుండేది. 1820లో కలకత్తాలో వ్యవసాయ, ఉద్యాన సంఘమును స్థాపించినదీ ఆయనే. మన సామర్లకోటలో తోట వేసి కోరమాండల్ తీరపు మొక్కలను వర్ణించిన రాక్స్‌బరో దొర, ఒక చెట్ల జాతికి కేరీగారి పేరే పెట్టాడు. రాక్స్‌బరో వ్రాసిన భారతదేశపు మొక్కల గ్రంథమును ఆయన మరణానంతరము అచ్చువేయించినది కేరీగారే.

ఇంగ్లాండులోని ఒక మిత్రుడు కేరీగారికి ఒక సంచిలో విత్తనములు పంపాడు. ఆయన వాటిని జాగ్రత్తగా తీసి, ఖాళీ సంచిని పారవేయక, నీడ పట్టున ఉన్న ఒక మట్టి చోట దులిపాడు. కొన్ని దినములకు అక్కడ ఒక చిన్న మొక్క లేచినది. చూస్తే డైసీ. ఇంగ్లాండు పచ్చికలో కాలికింద నలిగే పువ్వు అది. డబ్బిచ్చి కొనేవారు లేరు, కావాలని పంపేవారు అంతకన్న లేరు. స్వదేశము విడిచి మూడు దశాబ్దముల దరిదాపు అయినది, మళ్ళీ చూస్తానన్న ఆశ ఆయనకు లేదు. ఆ పువ్వును చూచి తాను పొందిన ఆనందమును ఆయన ఆ మిత్రునికి ఉత్తరము వ్రాసి తెలియజేశాడు. ఆ దేశములో ఏండ్ల తరబడి నిలిచే మొక్క ఇక్కడి ఎండకు ఆగలేదు. అందుచేత ప్రతి సంవత్సరము విత్తనము దాచి, మళ్ళీ చల్లి, దానిని నిలబెట్టుకొన్నాడు.

ఈ సంగతిలో మేము రెండు చూస్తాము. పంపిన మిత్రుడు కేరీగారికి ఏది ఇష్టమో ఎరిగి పంపాడు, అది మొదటిది. రెండవది, పుచ్చుకొన్నవాడు సంచి దుమ్మును కూడ వ్యర్థము చేయలేదు. 1823లో దామోదర నది వరద వచ్చి ఆ తోటను ఊడ్చివేసినది. అప్పుడు ఆయన తుంటికి దెబ్బ తగిలి మంచాన ఉన్నాడు. లేచిన తరువాత మళ్ళీ నాటడమే మొదలుపెట్టాడు. 1834లో మరణశయ్య మీద ఉండి, తాను పోయిన తరువాత మార్ష్‌మన్‌గారు తోటలోనికి ఆవులను తోలుతారేమోనని దిగులుపడ్డాడని చెబుతారు. నవ్వు వచ్చే మాటే గాని, మొక్కలు పెంచినవారు నవ్వరు.

ఇక మన దగ్గరకు వద్దాము. అన్ని కానుకలలోను విత్తనము ముందు. మేము పనిచేసిన ఒక గ్రామ సంఘములో ఒక ముసలామె ఉండేది. ఆమె పందిరి చిక్కుడు ఆ చుట్టుప్రక్కల ఎక్కడా లేని రకము. కాయ వెడల్పు, గింజ మీద ఎర్రని చార. క్రిస్మస్ రాత్రి పాటల జట్టు వెంట ఆమె కూడ నడిచేది. ఆ ఏడు ఊరిలోనికి క్రొత్త కోడలు వచ్చిన ప్రతి ఇంటి దగ్గర ఆగి, పాతచీర పేలికలో కట్టిన గింజలు ఆ పిల్ల చేతిలో పెట్టేది. సరిగా పన్నెండు గింజలు. పన్నెండే ఎందుకవ్వా అని అడిగితే, "శిష్యులు పన్నెండుమంది కాదా అయ్యగారూ, ఒకటి పుచ్చు పోయినా పదకొండు మొలుస్తాయి" అన్నది. వేదాంత కళాశాలలో మేము యూదా ఇస్కరియోతును గూర్చి చదివిన వ్యాఖ్యానములన్నిటికన్న ఆ మాట గట్టిది.

ఆమె వానకాలములో ప్రభువునందు నిద్రించినది. ఇల్లు కురిసి, అటక మీది విత్తనాల కుండలోనికి నీరు దిగి, గింజలన్నియు కుళ్ళిపోయినవి. ఆమె ఇంటనే ఆ చిక్కుడు లేకుండా పోయినది. కాని పేలిక మూటలు పుచ్చుకొన్న ఇండ్లు పదకొండో పన్నెండో ఉన్నాయి. మరుసటి ఆషాఢములో ఆమె కోడలు ప్రక్కింటికి వెళ్ళి అడిగి తెచ్చుకొని పందిరి వేసినది. అత్తగారు ఊరికి ఇచ్చినదే ఊరు ఆమెకు తిరిగి ఇచ్చినది. ఆమె ఎవరికీ ఇవ్వక జాగ్రత్తగా దాచుకొని ఉంటే ఆ రకము ఒక్క వానకు పోయి ఉండేది.

విత్తనము ఇచ్చేవారు కొన్ని సంగతులు చూచుకోవాలి. బజారులోని హైబ్రిడ్ విత్తనముల కాయనుండి తీసిన గింజ వేస్తే తల్లి వంటి మొక్క రాదు. కాబట్టి ఇంటిలో దాచి ఇచ్చేది నాటు రకమే కావాలి. ఉల్లి విత్తనము ఏడాది దాటితే మొలక తగ్గిపోతుంది. సొర, బీర, దోస, గుమ్మడి గింజలు పొడిగా ఉంచితే మూడు నాలుగేండ్లు ఆగుతాయి. అవి క్రిస్మస్‌కు ఇవ్వదగినవి కూడ, ఎందుకంటే సంక్రాంతి దాటగానే వేసవి పాదులు పెట్టే వేళ వస్తుంది. కొత్తిమీర, మెంతి, పాలకూర, ముల్లంగి అయితే పండుగ మరునాడే చల్లుకోవచ్చును. విత్తనమును నీడలో ఆరబెట్టి, బూడిద గాని ఎండిన వేపాకు గాని కలిపి, గాజు సీసాలో పోసి, మీద పేరు, కోసిన నెల వ్రాయాలి. పేరు లేని విత్తనము ఇచ్చి "ఏదో తీగ" అని చెప్పేవారు ప్రతి ఊరిలోను ఉన్నారు. వారిని క్షమించుదము.

అమెరికాలోని బిడ్డల దగ్గరకు పోయే తలిదండ్రులకు ఇక్కడే ఒక మాట. గోంగూర గింజలు, కరివేపాకు మొక్క చీర మడతలలో పెట్టి తీసికొనిపోయే అలవాటు మనలో ఉన్నది. ఆ దేశపు చట్టము దానికి ఒప్పుకోదు. విత్తనమునకు, మొక్కకు తగిన పత్రములు కావాలి. కరివేపాకు మీద బ్రదికే ఒక పురుగు నారింజ, నిమ్మ తోటలను చంపే తెగులును మోస్తుంది గనుక ఆ మొక్క విషయములో వారు మరింత కఠినముగా ఉంటారు. మన ప్రేమ ఎంత గొప్పదైనా ఇంకొకరి తోటకు చీడ తేరాదు. అక్కడనే లైసెన్సు గల నర్సరీలో మొక్క కొని ఇస్తే సరిపోతుంది.

తరువాతి కానుక పేరు చెబితే ముక్కు మూసుకొంటారు. పెంట ఎరువు. అయినను సంచి నిండ చివికిన పశువుల ఎరువు తెచ్చి గుమ్మములో దించితే, తోట పెంచేవారి ముఖము పట్టుచీర చూచినప్పటికన్న వెలుగుతుంది. మేము చూచి చెబుతున్న మాట. చివికినది అన్న మాటను మాత్రము మరువరాదు. పచ్చి పేడ వేస్తే చెదలు, వేరుపురుగు చేరుతాయి, లేత వేరు మాడుతుంది. చివికిన ఎరువుకు పేడ వాసన ఉండదు. నల్లగా, చేతిలో పొడిపొడిగా రాలుతుంది. ఇది దొరకనివారు వేపపిండి గాని, వానపాముల ఎరువు గాని ఇవ్వవచ్చును.

లూకా సువార్త పదమూడవ అధ్యాయములోని అంజూరపు చెట్టు ఉపమానమును ఈ దృష్టితో ఎప్పుడైనా చదివారా? మూడేండ్లు కాయని చెట్టును నరికివేయుమని యజమానుడు అన్నాడు. తోటమాలి దానికి అడ్డు నిలిచి రెండు కోరాడు: ఒక సంవత్సరము గడువు, చుట్టు త్రవ్వి ఎరువు వేయుటకు అనుమతి. ఆ చెట్టు తరువాత కాచినదో లేదో ప్రభువు చెప్పకనే విడిచిపెట్టాడు. ప్రసంగీకులమైన మేము గడువు గురించి ఎన్నో ఉజ్జీవ సభలలో చెప్పుతాము గాని ఎరువు మాటను దాటివేస్తాము. తోటమాలి దాటివేయలేదు. గడువు ఒక్కటే అడిగి ఊరుకొంటే అది వట్టి వాయిదా అయ్యేది.

పనిముట్ల గురించి ఎక్కువ చెప్పనక్కరలేదు. బజారులో అట్టపెట్టెలో ఆరు రకముల చిన్న చిన్న పారలు, రంగు పిడులతో అమ్ముతారు. అవి బల్ల మీద పెట్టుకొనుటకే, మన నల్లరేగడిలో ఒక్క పోటుకు వంగిపోతాయి. దానికి బదులు కమ్మరి దగ్గర మంచి ఇనుముతో ఒక బొరిగె చేయించి, గట్టి కర్ర పిడి వేయించి ఇవ్వండి. నడుము వంగని పెద్దవారికైతే వారి ఎత్తు చూచి పొడుగు కర్ర వేయించండి. ఎవరి ఎత్తుకు తగినట్టు వారికి చేయించిన పనిముట్టు అంగడిలో దొరకదు. గులాబీలు పెంచేవారికి కత్తిరించే సికేచరు ఉపయోగము. ఒక అంచు మరొక అంచు ప్రక్కగా జారే రకము తీసికోవాలి, అదే పచ్చి కొమ్మను నలపకుండ కోస్తుంది. నారు పెంచేవారికి సన్న రంధ్రముల జల్లు మూతి ఉన్న నీళ్ళ డబ్బా కావాలి. చెంబుతో పోస్తే విత్తనము కొట్టుకొనిపోతుంది.

పండుగ పేరు మోసే మొక్క కూడ ఒకటి ఉన్నది. డిసెంబరులో నర్సరీలవారు ఎర్రని ఆకుల పాయిన్‌సెట్టియాను కుండీలలో పెట్టి అమ్ముతారు. దాని సొంత దేశము మెక్సికో. అక్కడికి అమెరికా రాయబారిగా వెళ్ళిన పాయిన్‌సెట్ అనే ఆయన 1820లలో దానిని తన దేశమునకు పంపినందున ఆ పేరు వచ్చినది. ఎర్రగా కనబడేవి పూలు కావు, ఆకులే. అసలు పూలు నడుమ పసుపుపచ్చగా చిన్నచిన్నగా ఉంటాయి. రాత్రి పొడుగైతేనే అది ఎర్రబారుతుంది. రాత్రిపూట దీపపు వెలుగు పడుతూ ఉంటే పచ్చగానే ఉండిపోతుంది. ఒక ఇంటిలో వీధి దీపము క్రింద పెట్టిన మొక్క పండుగకు రంగు మారలేదని, నర్సరీవాడు మోసము చేశాడని నిందవేశారు. అదే కొమ్మ నాటిన పెరటి మొక్క చీకటిలో ఎర్రగా మండుతున్నది. దీనిని ఇచ్చేవారు ఈ సంగతి చెప్పి ఇవ్వాలి. పండుగ అయిన తరువాత పారవేయవద్దని, రంగు రాలగానే కత్తిరించి నేలలో నాటితే మనిషి ఎత్తు పెరుగుతుందని, పాలు కంటిలో పడకుండ చూచుకోవాలని కూడ చెప్పాలి. కోస్తాలో మన పెద్దలు క్రిస్మస్ చెట్టుకు సరుగుడు కొమ్మ తెచ్చేవారు. ఇప్పుడు కుండీలో ఆరాకేరియా పెట్టి ఇస్తున్నారు. అందమైనదే గాని మన మే నెల ఎండలో దానికి నీడ చూపాలి.

ఇక మొదట ఎత్తిన మాటకు వస్తాము. డిసెంబరులో పండ్ల మొక్క కానుకగా ఇవ్వవచ్చునా? కడియం, కడియపులంక నర్సరీలనుండి లారీల మీద అంటు మామిడి, సపోట, జామ వస్తాయి. చూస్తే చేయి ఊరుకోదు. కాని మన దేశములో చెట్టు నాటే కాలము తొలకరి మొదలు శ్రావణము వరకు. డిసెంబరులో నాటిన మొక్కకు వేరు పాకే లోపల ఎండలు ముంచుకొస్తాయి. జూను వరకు ఒక్క చినుకు నమ్మకము లేదు. నీరు పోసేవారు ఖాయముగా ఉంటే నాటండి. లేకపోతే మనము ఆ ఇంటికి ఇచ్చినది మొక్క కాదు, ఏప్రిలులో వచ్చే దుఃఖము. ఉత్సవముల మొక్కలకు జరిగినది ఇదే. ఒక్క పూటలో గుంటలు తీసి, ఒక్క పూటలో నాటి, ఫోటో తీయించుకొని, దీవెన చెప్పి వెళ్ళిపోయారు. నీరు ఎవరు పోయవలెనో ఏ తీర్మానములోను లేదు. తీర్మానము లేనందున ఆ పని సహజముగా ఆడవారి బిందె మీద పడినది. బోరు ఎండిపోయిన తరువాత వారు మాత్రము ఏమి చేయగలరు?

అందుచేత మేము చెప్పే పద్ధతి ఇది. క్రిస్మస్‌కు మొక్క ఇవ్వవద్దు, గుంట ఇవ్వండి. ఒక కార్డు మీద, "వచ్చే మే నెలలో మేము ఇద్దరము వచ్చి మీ పెరటిలో మీటరు పొడవు, మీటరు వెడల్పు, మీటరు లోతు గుంట తీస్తాము, జూలైలో మీరు కోరిన రకము తెచ్చి నాటుతాము" అని వ్రాసి సంతకము చేసి ఇవ్వండి. గుంటను ఎండకు రెండు మూడు వారములు ఆరనిచ్చి, పైమట్టిలో చివికిన ఎరువు, వేపపిండి కలిపి పూడ్చాలి. అంటు కట్టిన చోటు మట్టికి పైన ఉండాలి. దాని క్రింద లేచే చిగురు అడవి చెట్టుది, గిల్లివేయాలి. బంగినపల్లి అని నాటి, గిల్లక విడిచిపెట్టి, పదేండ్లకు పుల్లని టెంకకాయలు కోసుకొన్నవారు మన సంఘములలో ఉన్నారు. మే నెల ఎండలో గునపము పట్టుకొనడము కష్టమే. కష్టము కనుకనే అది కానుక.

నాటిన మొక్కకు నీటి కానుక ఒకటి ఉన్నది, అది మహా చౌక. మెరుగు పూయని మట్టి కుండను మొక్క ప్రక్కన మెడ వరకు పాతి, నీరు నింపి, మూత పెట్టండి. మట్టి ఎంత పీల్చుకొంటే అంతే ఊరుతుంది. మూడు నాలుగు దినములకొకసారి నింపితే చాలును. దోమలు చేరకుండ మూత మాత్రము ఉండాలి. ప్రతిరోజూ బిందె మోయలేని వృద్ధులకు ఇంతకన్న మంచి క్రిస్మస్ కానుక మాకు తోచలేదు. కుండతోపాటు, వేసవిలో వచ్చి దానిని నింపిపోయే యౌవనస్థుడొకడు కూడ ఉంటే మరీ మంచిది. యౌవనస్థుల సమాజము వారు ఈ మాట వినీ విననట్టు కూర్చున్నారు.

కొమ్మలు అడిగే విషయము కూడ చెప్పి విడుస్తాము. దొంగిలించి తెచ్చిన మొక్కే బాగా బ్రదుకుతుందని మనలో ఒక మాట ఉన్నది. మనీ ప్లాంటు విషయములో దీనిని శాస్త్రములాగ నమ్ముతారు. కూరతోట కోసము ప్రక్కవాని ద్రాక్షతోట కోరిన ఆహాబు రాజు కథ మొదటి రాజుల గ్రంథము ఇరువది యొకటవ అధ్యాయములో ఉన్నది; చదువుకోండి. మందార కొమ్మకును నాబోతు తోటకును చాల దూరమున్నదని మాకు తెలుసు. అయినను గోడ దూకి వచ్చిన కొమ్మ బ్రదికినప్పుడు ఇచ్చినవారి పేరు చెప్పుకొనే భాగ్యము ఉండదు. తోట ప్రియుల ఇండ్లలో ప్రతి చెట్టుకు ఒక పేరు ఉంటుంది. ఇది మేనత్త ఇచ్చిన మల్లె, ఇది ఫలానా టీచరమ్మ గులాబీ. ఆ టీచరమ్మ లేకపోయినా పూచినప్పుడెల్ల ఆమె మాట వస్తుంది.

చివరగా మా గురువుల సంగతి. మాది బదిలీల బ్రదుకు. అంటు మామిడి నాటితే నాలుగైదేండ్లకు గాని కాపు పట్టదు, ఆ వేళకు బదిలీ ఉత్తరువు వస్తుంది. కాబట్టి మేము తిన్న పండ్లన్నియు మాకు ముందున్నవారు నాటినవే. వారిలో కొందరిని మేము చూడనైనా లేదు. బాధ్యతలు అప్పగించేటప్పుడు ఒక జాబితా వ్రాస్తారు. కుర్చీలు ఇన్ని, బీరువా ఒకటి, బాప్తిస్మపు రిజిస్టరు, వివాహపు రిజిస్టరు. చెట్టు ఒక్కటి కూడ ఆ జాబితాలో ఉండదు. క్రొత్తగా వచ్చినవారికి ఏది అంటో ఏది అడవిదో తెలియదు. ఆకు రాల్చి మోడుగా కనబడిన చెట్టును ఎండినదని కొట్టించిన సందర్భములు ఉన్నాయి.

అందుకని మేము గత రెండు చోట్లనుండి ఒక నోటుబుక్కు పెట్టి వస్తున్నాము. అందులో ఇటువంటి మాటలు ఉంటాయి: ఈశాన్య మూల సపోట, ఎవరి కాలములో నాటినది, దక్షిణపు గోడవార ఏమీ పెట్టవద్దు, పాత సున్నపు గుంట ఉన్నది, కరివేపాకు మొదట్లో త్రవ్వితే పిలకలు లేస్తాయి, అడిగినవారికి ఇవ్వండి, పనస కాయ కావాలంటే వెనుక వీధిలోని పెద్దావిడను అడగాలి, మొదటి రెండేండ్లు నీరు పోసినది ఆమె. క్రిస్మస్ తరువాత బదిలీ అయ్యే గురువులు ఎవరైనా ఉంటే, వెనుక వచ్చే వారికి ఇటువంటి పుస్తకము ఒకటి వ్రాసి బల్ల మీద పెట్టి పొండి. దానికి ఖర్చు పది ఇరువది రూపాయలు. నూరేండ్లుగా ప్రతి పాస్టరేటులోను ఇటువంటి పుస్తకము ఉండి ఉంటే, ఈ సంచికలో అచ్చువేయుటకు భవనముల చరిత్రతోపాటు చెట్ల చరిత్ర కూడ దొరికేది.

ఇక ఏర్పాట్లు. ఆగమనకాలపు మూడవ ఆదివారమున ఆరాధన తరువాత గుడి వరండాలో ఒక బల్ల వేస్తారు. విత్తనములు ఉన్నవారు చిన్న పొట్లములుగా కట్టి తీసికొనిరావలెను. లేనివారు ఉత్త చేతులతో వచ్చి పుచ్చుకొనవచ్చును. మే నెలలో గుంటలు తీయుటకు ఒప్పుకొనేవారు పేర్లు వ్రాసేందుకు ఒక కాగితము ప్రక్కనే ఉంటుంది. గునపములు రెండు గుడి కొట్టులో ఉన్నాయి, మూడవది ఎవరి ఇంటిలో ఉన్నదో వారు దయచేసి తేవలెను. పొట్లము మీద రకము పేరు, కోసిన నెల, ఇచ్చినవారి పేరు స్పష్టముగా వ్రాయండి. మొలవకపోతే ఎవరిని అడగవలెనో తెలియాలి కదా.